పొట్టలో గుడగుడ అంటే యాసిడ్ పేగుల్ని తినేస్తోందా? ఆ మెసేజ్ నమ్మకండి

బెంగళూరులో మా మారతహళ్లి వైపు పీజీల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పొట్టలోంచి గుడగుడమని సౌండ్ వస్తే యాసిడ్ పేగుల్ని తినేస్తున్నట్టంట, వెంటనే ఏదో ఒకటి తినకపోతే అల్సర్ అంట, తిన్నాక కూడా వస్తే నులిపురుగులంట, అందుకని రోజూ పరగడుపున గ్యాస్ టాబ్లెట్ వేసుకోమని సలహా. ఇది చదివి పిల్లలు నిజంగానే భయపడుతున్నారు, నాకు చాలా బాధగా ఉంది, అందుకే ఒక్కో మాటా పట్టుకుని రాస్తున్నా.

యాసిడ్‌కి సౌండ్ ఉండదండీ. పొట్ట, పేగుల గోడల్లో కండరాలుంటాయి, అవి అలలు అలలుగా బిగుసుకుంటూ లోపలున్న గాలినీ నీళ్లనీ ముందుకు తోస్తాయి, ఆ గాలీ నీళ్లూ కలిసి కదిలినప్పుడు వచ్చేదే ఆ గుడగుడ. చిన్న పేగే దాదాపు 6 మీటర్లుంటుంది, కాబట్టి చాలాసార్లు మనం పొట్ట అనుకునే సౌండ్ పేగుల్లోది. డాక్టర్ స్టెతస్కోప్ పెట్టి వింటే మామూలు మనిషికి కూడా నిమిషానికి 5 నుంచి 30 సార్లు వినపడుతుంది, మనకి బయటికి వినపడేవి కొన్నే.

మరి ఆకలప్పుడే ఎందుకు గట్టిగా? తిన్నది కిందికి వెళ్లిపోయాక సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి పొట్ట దగ్గర మొదలై చిన్న పేగు చివరిదాకా ఒక బలమైన అల వెళ్తుంది, మిగిలిపోయిన తుక్కునీ బ్యాక్టీరియానీ ఊడ్చుకుంటూ. మైగ్రేటింగ్ మోటార్ కాంప్లెక్స్ అంటారు, మోటిలిన్ అనే హార్మోన్ దాన్ని నడిపిస్తుంది. లోపల తిండి లేదు కాబట్టి సౌండ్‌ని అణిచేదేమీ ఉండదు, ఖాళీ బిందెలో చప్పుడులా మోగుతుంది. తినగానే ఈ అల ఆగిపోతుంది, తినకపోయినా కాసేపటికి అదే తగ్గి మళ్లీ వస్తుంది. 1912లోనే అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త దగ్గర వాష్‌బర్న్ అనే విద్యార్థి బెలూన్ మింగి మరీ ఆకలి వేసినప్పుడు పొట్ట ఎలా బిగుసుకుంటుందో రికార్డ్ చేయించుకున్నాడు, అంటే ఇదేమీ కొత్త రహస్యం కాదు.

అల్సర్ సంగతి. పొట్ట లోపలి గోడ మీద జిగురు పొర, యాసిడ్‌ని విరిచేసే బైకార్బొనేట్ ఉంటాయి, యాసిడ్ నుంచి కాపాడేది అవే. ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజా ఉండే కోట్ల మందికి పొట్టలో గుడగుడ వస్తుంది, వాళ్లందరికీ చిల్లులు పడ్డాయా? అల్సర్లకి ముఖ్య కారణాలు రెండు, హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, అడ్డగోలుగా వాడే పెయిన్ కిల్లర్లు. ఆ బ్యాక్టీరియా సంగతి తేల్చడానికి 1984లో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ దాన్ని తనే తాగేశాడు, 2005లో తోటి పరిశోధకుడు రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ వచ్చింది.

నులిపురుగులకి గొంతు లేదు. తిన్నాక సౌండ్ వస్తే అరుగుదల జరుగుతోందని. పాలు పడనివాళ్లకి కాఫీ తాగినా, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ నమిలినా, ఇక్కడ చలికాలం అవరేకాళు (అనపగింజలు) సీజన్‌లో రెండు పూటలా అవే తిన్నా గ్యాస్ పెరిగి ఎక్కువ మోగుతుంది, ఎందుకంటే అరగని చక్కెరల్ని పెద్ద పేగులో బ్యాక్టీరియా పులియబెడుతుంది.

ఇక గ్యాస్ టాబ్లెట్. పాంటప్రజోల్ లాంటివి యాసిడ్‌ని తగ్గిస్తాయి, కండరాల కదలికని ఆపవు, సౌండ్ కోసం రోజూ వేసుకోవడంలో అర్థమే లేదు, డాక్టర్ రాస్తే వాళ్లు చెప్పినన్నాళ్లు వాడండి, మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు దయచేసి.

పట్టించుకోవాల్సింది సౌండ్‌తో పాటు వచ్చేవాటిని. మలం నల్లగా తారులా వస్తున్నా, రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టర్‌కి చూపించుకోండి. పొట్ట ఉబ్బి, మెలిపెట్టే నొప్పితో వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకుండా ఆగిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే ఎమర్జెన్సీకి వెళ్లండి, అది పేగు మూసుకుపోవడం కావచ్చు.