సామెతగారికి శాలువా

ఏ సాహిత్య సభకైనా పిలవకుండా వచ్చే అతిథి ఒకరున్నారు. పేరు 'ఆడదానికి ఆడదే శత్రువు'. వయసెంతో ఎవరికీ తెలీదు. అత్తాకోడళ్ళ సీరియళ్ళ పుణ్యమా అని ఆరోగ్యం మాత్రం దివ్యంగా ఉంది. మొన్న మేం నలుగురం కలిసి పెట్టుకున్న సభకి కూడా వేంచేశారు, అధ్యక్షులవారి నోటి గుండా. జాతికి ఇంత సేవ చేసిన సామెతకి ఇప్పటిదాకా ఒక్క శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

సభ ఎలెనా ఫెరాంటే నవల 'మై బ్రిలియంట్ ఫ్రెండ్' మీద. ఇటాలియన్‌లో 2011లో వచ్చింది, మరుసటేడు ఆన్ గోల్డ్‌స్టైన్ ఇంగ్లీషులోకి తెచ్చింది. నాలుగు భాగాల కథకి ఇది మొదటి భాగం. నేపుల్స్‌లో ఒక పేదపేట, 1950ల నాటి రోజులు. బూట్లు బాగుచేసేవాడి కూతురు లీలా, మునిసిపల్ ఆఫీసు బంట్రోతు కూతురు ఎలెనా. ప్రాణస్నేహం ఉంది, పోటీ ఉంది, ఒకరి మార్కులు చూసి ఒకరు లోపల్లోపల ఉడికిపోవడమూ ఉంది. 2024లో న్యూయార్క్ టైమ్స్ ఈ శతాబ్దపు వంద మంచి పుస్తకాల జాబితాలో దీన్ని మొట్టమొదట పెట్టింది. పెడితే పెట్టింది. చదవడానికి అదొక కారణమని మా అధ్యక్షులవారికి తోచలేదు.

అసలు కథ ఫ్లెక్సీ దగ్గర మొదలైంది. రచయిత్రి ఫొటో ఇవ్వమన్నాడు ఫ్లెక్సీ అబ్బాయి. లేదన్నాం. ఫెరాంటే అన్నది కలం పేరు. 1992లో మొదటి నవల వచ్చిన దగ్గర్నుంచీ ఆ మనిషి జనం ముందుకు రాలేదు. "ఫొటో లేకుండా ఫ్లెక్సీ ఏంది మేడమ్, బోసిగా ఉంటది" అని చాలా బాధపడ్డాడు. మర్నాడు ఆ బోసితనాన్ని తనే తీర్చి తెచ్చాడు. ఎడమవైపు పుస్తకం అట్ట. కుడివైపు రెండు చేతులూ జోడించి నిలువెత్తు అధ్యక్షులవారు. ఆయన పాదాల కింద పసుపు అక్షరాల్లో 'ఎలెనా ఫెరాంటే'. అయ్యవారు హాల్లోకి వస్తూ దాని ముందు ఆగారు, పైనుంచి కిందిదాకా చూశారు, తృప్తిగా జుట్టు సవరించుకున్నారు. ఫెరాంటే ఎవరని ప్రపంచమంతా వెతుకుతుంటే మాకు ఆరడుగుల ఫ్లెక్సీలో దొరికారు.

మైకు అందుకుని, అట్ట వెనక నాలుగు లైన్లు ఒకసారి చూసుకుని మొదలుపెట్టారు. "ఇది ఆడవాళ్ళ ఇన్‌సెక్యూరిటీ గురించిన నవల. ఇద్దరు మగవాళ్ళు ఇరవై ఏళ్ళు ఒకే గదిలో ఉన్నా స్నేహం చెడదు. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే వంటింట్లో ఇరవై నిమిషాలు..." అని ఆగారు. ముందు వరస నవ్వింది. అప్పుడు వచ్చారు సామెతగారు. ఆ వెనకే స్నేహమంటే ఇదీ అని చూపించడానికి కర్ణుడూ దుర్యోధనుడూ వచ్చారు.

సరే, చూద్దాం. దుర్యోధనుడు ఆ రోజు అంగరాజ్యం ఎందుకిచ్చాడు? అర్జునుడి విలువిద్య చూసి గుండె జారిపోయి. అలాంటి విలుకాడు తన దగ్గర లేడన్న టెన్షన్‌లో, అప్పుడే కంటపడ్డ మనిషికి నిలబడ్డ చోటే పట్టాభిషేకం చేసేశాడు. దీన్ని ఇన్‌సెక్యూరిటీ అనకూడదు, స్నేహధర్మం అనాలి. ద్రోణుడూ ద్రుపదుడూ ఒక గురువు దగ్గర చదువుకున్న నేస్తాలు. రాజుకీ పేదవాడికీ స్నేహమేమిటన్నందుకు ద్రోణుడు శిష్యులతో ఆయన్ని కట్టి తెప్పించి సగం రాజ్యం లాక్కున్నాడు. ఆయన ఊరుకున్నాడా? ద్రోణుణ్ణి చంపే కొడుకు కావాలని యజ్ఞం చేశాడు. పగ తీర్చుకోవడానికి ప్రత్యేకంగా కొడుకుని పుట్టించుకున్నాడండీ! అట్లకాడ దగ్గర మాటామాటా అనుకున్న తోడికోడళ్ళు ఈ స్థాయికి ఎదిగిన దాఖలాలు లేవు. పద్దెనిమిది అక్షౌహిణులు, 18 రోజులు, అటూ ఇటూ అంతా మగవాళ్ళే. అయినా మగవాడికి మగవాడే శత్రువు అని ఒక్కరికీ తోచలేదు. అన్ని శవాలూ లెక్కపెట్టి మనవాళ్ళు తేల్చిందేమిటయ్యా అంటే, ద్రౌపది నవ్విందని.

ఇక చివర్లో, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి, "అసలు ఇది ఆడమనిషి రాసింది కాదట కదా" అన్నారు. ఈ ముక్క ఆయన సొంతం కాదు. 2016లో ఒక ఇటాలియన్ జర్నలిస్టు డబ్బు లెక్కలూ ఆస్తి కాగితాలూ తవ్వి, రచయిత్రి ఫలానా అనువాదకురాలని ప్రకటించాడు. అంతకుముందే ఆ అనువాదకురాలి భర్తే రాసి ఉంటాడన్న వాళ్ళున్నారు, ఆ తర్వాత వాక్యాల తీరుకి కంప్యూటర్ లెక్కలు కట్టి అదే అన్న వాళ్ళూ ఉన్నారు. అంటే ఆడవాళ్ళకి స్నేహం చేతకాదు. చేతనైతే దాని గురించి రాయడం చేతకాదు. అదీ బాగా రాస్తే అది మొగుడు రాశాడు.

అధ్యక్షులవారు నవల చదివి ఉంటే ఆయన్ని ఒక్కటి అడిగేదాన్ని. పేటలో లైబ్రరీ ఉంటుంది. ఎక్కువ పుస్తకాలు తీసుకెళ్ళినవాళ్ళకి మేష్టారు బహుమతులిస్తారు. మొదటి బహుమతి లీలాకి. రెండోది లీలా నాన్నకి, మూడోది అమ్మకి, నాలుగోది అన్నకి. ఇంట్లో అందరి పేర్లమీదా కార్డులు తీసుకుని చదివింది ఆ పిల్ల ఒక్కతే. ఐదోది ఎలెనాకి. అంత దాహమున్న పిల్ల ఐదో తరగతి తర్వాత బడికి పోతానని మొండికేస్తే, కన్నతండ్రి కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేశాడు. చెయ్యి విరిగింది. ఎలెనా బడికెళ్ళింది, లీలా చెప్పుల కొట్టుకెళ్ళింది.

ఏ ఆడది విసిరేసిందండీ ఆ పిల్లని? ఇద్దరు పిల్లలకి ఒకే ఒక్క తలుపు తెరిచి, అదీ అరతలుపు, మీలో ఒకరే వెళ్ళండని చెప్పి, మీరిద్దరూ ఎందుకమ్మా ఇలా ఒకర్నొకరు చూసి ఏడుస్తారని మైకు పట్టుకుని అడగడానికి సిగ్గుండాలి. అభద్రత వాళ్ళ రక్తంలో ఉందా? పెట్టింది ఎవరు? మా అమ్మా, ఆవిడ స్నేహితురాలూ పదో తరగతి కలిసి చదివారు. ఫస్టు వచ్చింది ఆవిడ. కాలేజీకి వెళ్ళింది అమ్మ. ఆవిడ మా ఇంటికొచ్చే రోజు పొద్దున్నే అమ్మ హాల్లో గోడమీది డిగ్రీ ఫొటో తీసి బీరువాలో చీరల కింద పెట్టేది. ఆవిడ లోపలికొచ్చి ఉత్త మేకు వంక చూసి, "మళ్ళీ తీసేశావుటే" అనేది. ఇద్దరూ కాఫీ తాగేవారు. ఆ మేకుకి ఏం సామెత చెబుతారో చెప్పండి.

ఇంతకీ 'బ్రిలియంట్ ఫ్రెండ్' ఎవరు? లీలా అనుకుంటూ చదువుతాం. ఆ మాట అనేది లీలా, ఎలెనాని. పెళ్ళినాడు, పదహారేళ్ళ పెళ్ళికూతురికి స్నేహితురాలే స్నానం చేయిస్తుంటే. నువ్వు చదువు మానకు అని చెబుతూ. అట్ట వెనక ఇది ఉండదు.

వందన సమర్పణలో అధ్యక్షులవారికి శాలువా కప్పాం. సామెతగారికి వేరే తేలేదు, ఇద్దరికీ కలిపి సరిపోయింది. ఫ్లెక్సీ మాత్రం నా స్నేహితురాలు మడిచి స్కూటీ మీద పట్టుకుపోయింది. వాళ్ళ డాబా మీద అయ్యవారు ఇప్పుడు దణ్ణం పెడుతూ వెల్లకిలా పడుకుని ఉన్నారు, ఒంటినిండా బూడిదగుమ్మడి వడియాలతో. దాని వడియాలు నావాటికంటే గుల్లగా వేగుతాయి. అందుకు నాకు దానిమీద పదేళ్ళుగా కడుపుమంట.