అప్‌గ్రేడ్ అయింది, మనవడు మాయమయ్యాడు

దేశంలో చర్చించాల్సిన సమస్యలు చాలానే ఉన్నాయి, రోడ్లున్నాయి, లీకయ్యే పరీక్ష పేపర్లున్నాయి, టమాటా ధర ఉంది, కాకపోతే వాటికోసం సాయంత్రం పూట టీవీల్లో నలుగురు కూర్చుని అరిచే ఏర్పాటు ఉంది. దిక్కూమొక్కూ లేని సమస్య ఒక్కటే, కంప్యూటర్ సిస్టమ్ అప్‌గ్రేడ్ అయ్యాక, ఎవరూ ముట్టుకోనప్పుడు తెర మీద తిరిగే ఇంట్లో ఫొటోల స్క్రీన్ సేవర్ రాకపోవడం. ఏ పార్టీ మేనిఫెస్టోలో అయినా దీని గురించి ఒక్క ముక్క ఉందా?

నవ్వకండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, దాంతో అమెరికాలో ఉన్న పిల్లలందరూ కూడబలుక్కున్నట్టు "నాన్నా, అర్జెంటుగా 11కి మారిపోండి, లేకపోతే హ్యాకర్లొస్తారు" అని వీడియో కాల్‌లో హడలగొట్టారు, విజయవాడలో వరంగల్లో రిటైరైన తండ్రులందరూ హడలిపోయి బటన్ నొక్కారు, రాత్రంతా అది గిరగిరా తిరిగింది, శాతాలు లెక్కపెట్టింది, ఆరిపోయింది, వెలిగింది. తెల్లారి చూస్తే హ్యాకర్లు రాలేదు గానీ మనవడు పోయాడు. హాల్లో మూలనున్న కంప్యూటర్లో బోసినోటితో నవ్వే పిల్లాడి చోట ఏదో సముద్రం, ఏదో కొండ. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని "ఇది వీళ్లు కొత్తగా ఇల్లు కొన్న ఊరేమోనే" అని ఆవిడని పిలిచి మరీ చూపించాడు. ఆవిడ కూడా "గాలి బాగా ఆడేట్టుందండీ" అంది. అది స్పాట్‌లైట్ అని లాక్ స్క్రీన్ మీదికి కంపెనీ తనంతట తాను పంపే బొమ్మ అని వాళ్లకి చెప్పేదెవరు? పైగా ఈ బొమ్మ నచ్చిందా అని అడుగుతుంది, అమాయకులు నచ్చిందని నొక్కేస్తారు, ఇంకో కొండ వస్తుంది.

ఇక్కడ కొందరు మేధావులు లేస్తారు, అసలు ఈ కాలంలో స్క్రీన్ సేవర్ దేనికండీ అని. నిజమే, అది పుట్టింది వేరే పనికి. పాత లావుపాటి మానిటర్లలో ఒకే బొమ్మ గంటల తరబడి కదలకుండా ఉంటే లోపలి ఫాస్ఫర్ పూత అరిగి ఆ బొమ్మ మరకలా ఉండిపోయేది, అందుకని 1983లో జాన్ సోచా అనే ఆయన కాసేపు ఎవరూ కీబోర్డ్ ముట్టుకోకపోతే తెరని నల్లగా చేసేసే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. ఆ గొడవ ఇప్పటి ఎల్‌సీడీలకి పెద్దగా లేదు. ఒప్పుకుంటాం. కానీ స్క్రీన్‌ని కాపాడే ఉద్యోగం పోయాక అది ఇంకో ఉద్యోగంలో చేరింది, ఆ సంగతి మేధావులకి తెలీదు. పెళ్లికి పదిహేను వేల ఫొటోలు తీయించి, పెన్ డ్రైవ్‌లో పోయించి, ఆ పెన్ డ్రైవ్‌ని బీరువాలో నగల పక్కన పెట్టి తాళం వేసే జాతి మనది. ఆ ఫొటోలని చూసే ఓపిక ఉన్న ప్రాణి ఇంటి మొత్తానికి స్క్రీన్ సేవర్ ఒక్కటే. దాన్ని తీసేసి సేవలు మెరుగుపరిచాం అంటారా?

సరే, తెచ్చుకుందాం అని బయల్దేరితే మొదలవుతుంది అసలు ఎమ్మార్వో ఆఫీసు. సెట్టింగ్స్‌కి వెళ్తే పర్సనలైజేషన్‌కి పొమ్మంటుంది, అక్కడికి వెళ్తే లాక్ స్క్రీన్ సెక్షన్ అంటుంది, ఆ పేజీలో అట్టడుగున, ట్రాన్స్‌ఫర్ కాకుండా మిగిలిపోయిన సీనియర్ గుమాస్తాలా స్క్రీన్ సేవర్ అనే లైన్ కూర్చుని ఉంటుంది. నొక్కితే ఓ బుల్లి కిటికీ తెరుచుకుంటుంది. సిస్టమ్ అంతా గుండ్రటి అంచులూ అద్దాల రంగులూ, ఈ కిటికీకి మాత్రం పాతికేళ్ల నాటి సున్నం కూడా మారలేదు. లిస్ట్‌లో చూస్తే 'నన్' అని ఉంటుంది, చాలాచోట్ల రోగం అక్కడే. దాన్ని ఫొటోస్ అని మార్చి అప్లై కొట్టగానే అయిపోయిందనుకునేవాళ్లు ఇంకా ఎమ్మార్వో ఆఫీసు చూడలేదన్నమాట.

ఎందుకంటే ఫొటోలు ఉన్నచోట లేవు. అప్‌గ్రేడ్ మధ్యలో ఫోల్డర్లు బ్యాకప్ చేయమంటారా అని అడిగినప్పుడు మర్యాదగా సరే అన్నాం కదా, పిక్చర్స్ ఫోల్డర్ కాపురం వన్‌డ్రైవ్ అనే నెట్ గోడౌన్‌లోకి మారిపోయింది, స్క్రీన్ సేవర్ పాపం పాత అడ్రస్‌లోనే తలుపు తడుతోంది. కొత్త అడ్రస్ ఇచ్చినా పక్కన మబ్బు గుర్తున్న ఫైళ్లు ఇంట్లో ఉన్నట్టు కాదు, నెట్‌లో ఉన్నట్టు. వాటి మీద రైట్ క్లిక్ కొట్టి ఎప్పుడూ ఈ డివైస్‌లోనే ఉంచు అనే ఆప్షన్ పెట్టాలి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, మనవడి అన్నప్రాసన ఒక్కటే అంతుంటుంది. ఇంతకన్నా మంచి పని, సీ డ్రైవ్‌లో విడిగా ఓ ఫోల్డర్ పెట్టుకుని, చూడాలనుకున్నవి అందులో వేసి, ఫొటోస్ సెట్టింగ్స్‌లో బ్రౌజ్ నొక్కి దాన్నే చూపించడం. కొడుకు ఐఫోన్ నుంచి నేరుగా పంపినవైతే హెచ్ఈఐసీ ఫైళ్లుంటాయి, 2017 నుంచి ఐఫోన్లది అదే వరస, పాతకాలపు స్క్రీన్ సేవర్‌కి అవి చాలాసార్లు మింగుడుపడవు, జేపీజీలోకి మార్చి వెయ్యాలి.

అయినా రాదు. పది నిమిషాలకి ఫొటోలు రావాలని ఇక్కడ రాస్తాం, అయిదు నిమిషాలకే స్క్రీన్ ఆపెయ్యమని పవర్ సెట్టింగ్స్‌లో ఇంకో జీవో ఉంటుంది. మనవడు వచ్చేసరికి తెర నిద్రపోతుంది. రెండోదాన్ని అరగంటకి పెంచాలి, అంతే, కానీ ఆ రెండు శాఖలకీ మాటల్లేవని ఏ స్క్రీన్ మీదా రాసి ఉండదు. ఇంకొన్ని ఇళ్లలో బ్రౌజర్లో భక్తి చానల్ లైవ్ పొద్దస్తమానం ఆడుతుంటుంది, వీడియో ఆడుతున్నంతసేపూ స్క్రీన్ సేవర్ రాదు, ఇందులో దేవుడి తప్పేమీ లేదు. నెట్‌లో ఉచిత స్క్రీన్ సేవర్లు దొరుకుతాయని మాత్రం దించుకోకండి, వాటి ఫైలు పేరు చివరుండే డాట్ ఎస్‌సీఆర్ అంటే పేరు మార్చుకున్న ప్రోగ్రామే, అప్పుడు నిజంగానే హ్యాకర్లొస్తారు.

కాబట్టి ప్రభుత్వం వెంటనే అఖిలపక్షం పిలవాలి. అప్‌గ్రేడ్ బటన్ పక్కన "దీనివల్ల మీ మనవడు కనపడకపోవచ్చు" అని సిగరెట్ పెట్టె మీద వేసినంత సైజులో వెయ్యాలి. మీసేవలో స్క్రీన్ సేవర్ పునరుద్ధరణకి ఓ కౌంటర్ పెట్టాలి, సీనియర్ సిటిజన్లకి విడి లైను.

విడి ఫోల్డర్ అన్నానా, చాలామంది ఆ ఒక్క ముక్కా వదిలేసి మొత్తం పిక్చర్స్‌నే చూపించి, షఫుల్ టిక్కు పెట్టి, స్పీడు ఫాస్ట్ చేసి చేతులు దులుపుకుంటారు. అందులో వాట్సాప్ నుంచి దిగినవన్నీ ఉంటాయి. వియ్యాలవారు కాఫీకి వస్తారు, తెర వెలుగుతుంది, అందరూ కప్పులు పట్టుకుని అటు తిరుగుతారు. గులాబీతో శుభోదయం. మనవడు. ఆధార్ కార్డు ముందు పక్క. ఆధార్ కార్డు వెనక పక్క. గ్యాస్ రసీదు. మళ్లీ మనవడు, సగం తల. తర్వాత ల్యాబ్ రిపోర్టు, తెర నిండా, అక్షరాలు స్పష్టంగా.

"ఈ 312 షుగర్ ఎవరిది వదినగారూ?"

"మీ అన్నయ్యగారిదే. తినకముందు."