మారనిది ఒక్క మా వాదమే

జీవులు పరిస్థితులను బట్టి మారతాయన్న డార్విన్ మాటను నేను ఛస్తే ఒప్పుకోను. ఆ పాఠం బడుల్లో ఉండకూడదని అమెరికాలో వందేళ్లుగా పోరాడుతున్న మహానుభావులే నాకు ఆదర్శం. ఏదీ మారదనడానికి వాళ్ల వాదమే సాక్ష్యం.

1925లో టెన్నెసీ రాష్ట్రం బట్లర్ చట్టం తెచ్చింది. మనిషి జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడిలో చెబితే నేరం. ఎంత సూటిగా ఉంది! డేటన్‌లో జాన్ స్కోప్స్ అనే మాస్టారికి 100 డాలర్ల జరిమానా పడింది. (రెండేళ్లకు పై కోర్టు కొట్టేసింది. డార్విన్ మీద ప్రేమతో కాదు లెండి, 50 డాలర్లు దాటిన జరిమానా జడ్జి వేయకూడదట, జ్యూరీయే వేయాలట.)

1968లో సుప్రీంకోర్టు ఇలాంటి నిషేధాలు చెల్లవంది. దాంతో మావాళ్లు నిషేధం మాట వదిలేసి, జీవులను దేవుడే సృష్టించాడనే ‘సృష్టి శాస్త్రాన్ని’ కూడా సమానంగా చెప్పండి చాలన్నారు. ఇది మారడం కాదు, సర్దుకోవడం. 1987లో అలా సమానంగా చెప్పాలన్న లూసియానా చట్టాన్ని కూడా సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పుడు దేవుడి పేరు ఎత్తకుండా, జీవులను ఎవరో తెలివైన డిజైనర్ తయారుచేశాడంటూ ‘ఇంటెలిజెంట్ డిజైన్’ అన్నారు. ఇదీ మారడం కాదు, బట్టలు మార్చుకోవడం.

కోతికీ మనిషికీ మధ్య లింకు చూపించమని దశాబ్దాలుగా నిలదీస్తున్నది మేము. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ బడుల్లో ఈ ఇంటెలిజెంట్ డిజైన్ మాట పెట్టినందుకు నడిచిన కేసులో ఆ తవ్వకం మా పెరట్లోనే జరిగింది. మా పాఠ్యపుస్తకం ఒకదాని పాత చిత్తుప్రతులు బయటికి తీశారు. 1987 తీర్పుకు ముందు ‘క్రియేషనిస్ట్స్’ (creationists, సృష్టివాదులు) అని ఉన్నచోట తర్వాత ‘డిజైన్ ప్రొపోనెంట్స్’ (design proponents, డిజైన్ వాదులు) అని ఉంది. ఒక్కచోట మాత్రం పాత మాట సరిగ్గా చెరగక ‘సీడిజైన్ ప్రొపోనెంట్సిస్ట్స్’ (cdesign proponentsists) అని మిగిలిపోయింది. ముందు పాత మాట తల, వెనక పాత మాట తోక, మధ్యలో కొత్త ఒళ్లు. జడ్జి జోన్స్ 139 పేజీల తీర్పులో ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని తేల్చేశారు. లాయర్ల ఖర్చులకు బడి బోర్డు పది లక్షల డాలర్లు కట్టుకుంది.

2012లో మళ్లీ ఆ టెన్నెసీలోనే, సిద్ధాంతాల బలాలూ బలహీనతలూ టీచర్లు చర్చించవచ్చని చట్టం వచ్చింది. దేవుడూ లేడు, డిజైనరూ లేడు. తోక పూర్తిగా రాలిపోయింది.

ఆ చిత్తుప్రతిలో ఉన్నది ఉత్త టైపింగ్ తప్పని మా మనవడికి చెప్పాను. “జీవుల్లో మార్పులు కూడా నకలు తీసేటప్పుడు పడే తప్పులతోనే మొదలవుతాయి తాతా” అన్నాడు.

ఆ పాఠం నీకు ఏ మాస్టారు చెప్పాడో పేరు చెప్పరా అన్నాను.