దవడ గడ్డ వెనుక దోమ

ఉగాండాలో మలేరియా టీకా 2025 ఏప్రిల్‌లో మొదలైంది. ఎన్ని జ్వరాలు తగ్గాయి, ఎన్ని ప్రాణాలు నిలిచాయి అని లెక్క వేస్తారు. వేయాల్సిందే. ఆ లెక్కలో ఒక క్యాన్సర్‌ కూడా ఉండాలని మేం అంటున్నాం.

1957లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆస్పత్రిలో డెనిస్ బర్కిట్ అనే సర్జన్‌కు దవడలు ఉబ్బిన ఓ పిల్లవాడిని చూపించారు. అలాంటి పిల్లలే మళ్లీ మళ్లీ కనిపించడంతో 1961లో ఇద్దరు స్నేహితులతో పాత కారులో పదివేల మైళ్లు తిరిగి, ఈ గడ్డ మీ దగ్గర ఉందా అని ఆస్పత్రి ఆస్పత్రికీ వెళ్లి అడిగారు. చల్లటి ఎత్తు ప్రాంతాల్లో లేదు. వానలు, దోమలు ఉన్న పల్లపు నేలల్లో ఉంది. మేం చెబుతున్న క్యాన్సర్‌ అదే, పేరు బర్కిట్ లింఫోమా. 1964లో ఆ గడ్డ కణాల్లోనే ఎప్‌స్టైన్-బార్ వైరస్ దొరికింది.

అయితే ఆ వైరస్ పెద్దయ్యేసరికి దాదాపు అందరికీ సోకేదే. మన ఒంట్లోనూ ఉండే ఉంటుంది, నోరెత్తకుండా. మరి అక్కడి పిల్లలకే ఎందుకీ గతి? పసితనం నుంచి మలేరియా పదేపదే వస్తే, వైరస్ దాక్కునే బి కణాలనే తెల్ల రక్తకణాలు ఆగకుండా విభజన చెందుతాయి. వాటికి కాపలా కాసే మరో రకం తెల్ల రక్తకణాలు, టి కణాలు, నీరసిస్తాయి. ఆ హడావిడిలో ఒక క్రోమోజోమ్ ముక్క తెగి వేరేచోట అతుక్కుంటే చాలు, గడ్డ మొదలవుతుంది.

మలేరియాను ఆపితే గడ్డ ఆగుతుందా? టాంజానియాలో 1977 నుంచి పిల్లలకు క్లోరోక్విన్ అనే మలేరియా మాత్రలు ఇచ్చి చూశారు. కేసులు తగ్గాయి. కానీ ఆ తగ్గుదల మాత్రలకు ముందే మొదలైంది, పైగా మందుకు లొంగని మలేరియా వచ్చిపడింది. ప్రశ్న అలాగే మిగిలింది.

ఇప్పుడు టీకాతో మళ్లీ అవకాశం వచ్చింది. మలేరియాను మోసేది దోమేనని రొనాల్డ్ రాస్ 1897లో తేల్చింది మన సికింద్రాబాద్‌లోనే. ఉగాండాలో వేస్తున్న టీకా తయారయ్యేది పుణెలో. కాబట్టి ఇది మనకు మరీ దూరపు సంగతేం కాదు.

పద్దెనిమిది నెలలకు వేసే నాలుగో డోసుకు తల్లులు పిల్లల్ని మళ్లీ తీసుకురావాలి. అసలు కష్టం అక్కడే. ఈ గడ్డ ఎక్కువగా కనిపించేది ఐదు నుంచి తొమ్మిదేళ్ల వయసులో. అంటే ఫలితం తేలడానికి పదేళ్లయినా పడుతుంది. అన్నాళ్లూ కంపాలా క్యాన్సర్ రిజిస్ట్రీలో పేర్లు రాసే గుమాస్తాకు జీతం ఆగకూడదు.