మెడలో కాలర్ సరే, తాళం చెవులేవి?

జూన్ నెలాఖరు వచ్చిందంటే రోటరీ, లయన్స్ క్లబ్బుల్లో ఒకటే హడావుడి. జూలై 1 నుంచి కొత్త సంవత్సరం, కొత్త కార్యవర్గం. ఫంక్షన్ హాలు, ముఖ్య అతిథి, శాలువాలు, మెమెంటోలు, భోజనంలో ఎన్ని రకాలు... ఈ పదవీ స్వీకార సభ కోసం వేసిన ఇన్‌స్టాలేషన్ కమిటీ వారం రోజులు వీటి మీదే కూర్చుంటుంది. ఎమ్మెల్యేగారి తేదీ దొరక్క సభ జూలై మూడో వారానికి జరగడమూ మామూలే. చివరికి పాత అధ్యక్షుడు పదవికి గుర్తుగా వేసుకున్న కాలర్ తీసి కొత్తాయన మెడలో వేస్తాడు. చప్పట్లు, ఫొటో. పెళ్లిలో ఊరేగింపు వేరు, అప్పగింతలు వేరు. మన క్లబ్బులు ఊరేగింపుతోనే సరిపెట్టేస్తున్నాయి.

నాకు తెలిసిన ఒక క్లబ్బుకు, అంత్యక్రియల దాకా శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్స్ ఉంది. ఒక జూలైలో ఎవరింట్లోనో చావు జరిగితే అర్ధరాత్రి కొత్త అధ్యక్షుడికి ఫోన్ చేశారు. గది తాళం ఎవరి దగ్గరుందో ఆయనకు తెలియదు. పాతాయన అమెరికాలో కొడుకు దగ్గరున్నాడు. తాళం పగలగొట్టి బాక్స్ బయటికి తీస్తే కంప్రెసర్ పనిచేయలేదు. మూడు నెలలుగా దాని పరిస్థితి అంతేనట, మెకానిక్‌కు పాత బాకీ కూడా ఉందట. అంతకు వారం ముందు సభలో చదివిన వార్షిక నివేదికలో మాత్రం ఆ బాక్స్ సేవల గురించి ఘనంగా ఉంది.

ఆ నివేదిక రాసినాయన్ని నేను తప్పు పట్టను. మైకు ముందు నిలబడి మూతపడ్డ ఆర్‌ఓ ప్లాంటు గురించో, దాత ఇస్తానని ఇవ్వని సొమ్ము గురించో ఎవరు చెబుతారు? అందుకే జూన్ రెండో వారంలోనే పాత, కొత్త అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారులు, ఆ ఆరుగురే ఎవరింట్లోనైనా టీ తాగుతూ రెండు గంటలు కూర్చోవాలి. అజెండాలో మొదటి అంశం 'ఏం ఆగిపోయింది?' అని ఉండాలి. విజయాల జాబితా ఎలాగూ సభలో వింటారు.

డబ్బు సంగతీ అక్కడే తేలాలి. రోటరీలో జూలై 1 నాటికి రికార్డులో ఉన్న సభ్యుల సంఖ్యను బట్టి అంతర్జాతీయ చందా బిల్లు వస్తుంది. మానేసిన నలుగురి పేర్లు జూన్‌లోనే తీయకపోతే వాళ్ల చందా క్లబ్బు నెత్తిన పడుతుంది. ఇద్దరు కోశాధికారులు పక్కపక్కన కూర్చుంటే పది నిమిషాల పని. బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం కాపీ, కొత్తవాళ్ల కేవైసీ కూడా అప్పుడే సిద్ధం చేసుకోవచ్చు. ఇంకో తమాషా ఉంది. జూలై 1 డాక్టర్స్ డే. సన్మానానికి డాక్టర్లను పిలవాల్సింది జూన్‌లో. పాతాయన 'ఇక నాకెందుకు' అనుకుంటాడు, కొత్తాయన 'నేనింకా కుర్చీ ఎక్కలేదుగా' అంటాడు.

ఏడాదికో అధ్యక్షుడు ఉండటమే అసలు రోగమని కొందరి వాదన. నేను ఒప్పుకోను. పోలియో మీద ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని రోటరీ 1985లో ఎత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. ఆ మధ్య ఏటా అధ్యక్షులు మారుతూనే ఉన్నారు, పని మాత్రం చేతులు మారుతూ సాగింది. మన ఊళ్లలో ప్రతి అధ్యక్షుడికీ తన పేరుతో ఒక 'పర్మనెంట్ ప్రాజెక్టు' కావాలి. పాత ప్లాంటుకు నీళ్లు వడకట్టే మెంబ్రేన్ మార్పిస్తే శిలాఫలకం వేయరు కదా!

ఆ ఫ్రీజర్ బాక్స్ గది తాళం చెవి ఇప్పుడు సెంటర్లో మెడికల్ షాపులో ఉంటోంది. పక్కనే గోడకు రెండు ఫోన్ నంబర్లు అంటించారు. ఒకటి ఈ ఏటి కార్యదర్శిది, రెండోది వచ్చే ఏడాది రాబోయే ఆయనది.