కాంటా పక్కన ఒక రాయి

ధాన్యం కొనుగోలు కేంద్రంలో రైతు చూపంతా కాంటా మీది ఎర్ర అంకెల మీదే ఉంటుంది. 40 కిలోల బస్తాకు 400 గ్రాముల తేడా అంటే ఒక్క శాతమే. నూరు బస్తాలు తూచేసరికి మాత్రం ఒక నిండు బస్తా మాయం. తేమ, తాలు ఉన్నాయంటూ తరుగు పేరిట కోసేది దీనికి అదనం. ఆ సంగతి విడిగా చెప్పుకోవలసినంత ఉంది.

కాంటా తప్పు చూపిన ప్రతిసారీ వెనుక మోసగాడే ఉండనక్కరలేదు. పళ్లెం కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనిపించనంతగా వంగుతుంది. దానికి అంటించిన సన్నని తీగలు సాగి వాటి విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే అంకెగా తెర మీదికి వస్తుంది. ఎండకు కాగినా, బస్తాను ఎత్తి పడేసినా, కాంటా ఒరిగినా, పళ్లెం కింద ఊక ఇరుక్కున్నా లెక్క తప్పవచ్చు. పాత త్రాసుకు ఇంత సుకుమారం లేదు; రాయి, దండె సరిగా ఉంటే చాలు. దండెను వేలితో నొక్కే నేర్పరులు అప్పుడూ ఉండేవారనుకోండి.

2011 నాటి తూనికల నియమాల ప్రకారం ఎలక్ట్రానిక్ కాంటాకు 12 నెలలకోసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ఆ ముద్ర తనిఖీ జరిగిన రోజుకే సాక్ష్యం. ఆ తరువాత గోదాము మూలన పడి, ట్రాక్టరులో కుదుపులు తిని, మే నెల ఎండలో కళ్లం చేరిన కాంటాకు అది ఏపాటి పూచీ?

అందుకే ప్రతి కేంద్రంలో ముద్ర పడిన 20 కిలోల తూకపు రాయి ఒకటి ఉండాలని మేము కోరుతున్నాం. రోజూ తూకం మొదలయ్యే ముందు రైతుల ఎదుటే దాన్ని పళ్లెం నడుమ, తరువాత నాలుగు మూలలా పెట్టి చూడాలి. వచ్చిన అంకెలను బోర్డు మీద రాయాలి. అయిదు నిమిషాల పని.

కిలో అంటే ఎంతో తేల్చడానికి శాస్త్రవేత్తలు పడిన పాట్లు తక్కువవి కావు. పారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మెను కూడా కాదని, 2019 మే 20 నుంచి కిలోను ప్రకృతిలో ఎన్నడూ మారని విలువ అయిన ప్లాంక్ స్థిరాంకానికి ముడివేశారు. అంత కచ్చితమైన కిలో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల మీదుగా తూనికల ఇన్‌స్పెక్టరు చేతి రాళ్ల దాకా వస్తోంది. రైతు బస్తా దగ్గరికి కూడా రావాలి కదా.

రాయి ఖర్చు మార్కెట్ కమిటీలు భరించలేనిదేమీ కాదు. తేడా చూపిన కాంటాను అక్కడికక్కడే పక్కన పెట్టే అధికారం కొనుగోలు కేంద్రాల నిర్వాహకులకు ఇవ్వాలి. ఆ పూటకు లారీ ఆగితే ఆగనివ్వండి.