మెదడులో ఆకుమడి

డిప్రెషన్ మందులు మెదడులో కొత్త కణాలు మొలిపించి పనిచేస్తాయేమోనని ఎక్కడెక్కడో ఇన్నేళ్లుగా పరిశోధిస్తూ, మా గోదావరి డెల్టాలో ఒక్కరినీ సలహా అడగకపోవడం ఘోరం. మొలిపించడంలో మమ్మల్ని మించినవాళ్లెవరండీ? కడియంలో పుల్ల గుచ్చితే మొక్కై లారీ ఎక్కుతుంది.

సంగతేంటంటే, మెదడులో హిప్పోక్యాంపస్ అని చిన్న మడి. పెద్దవాళ్లకీ అక్కడ కొత్త కణాలు పుడతాయని 1998లో అన్నారు. 2003లో ఎలుకల మెదడులో ఆ మడికి ఎక్స్‌రేలు కొట్టి మొలక రాకుండా చేస్తే, ఫ్లుయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చినా ఫలితం కనపడలేదు. ఇంకేం, మొలకలోనే ఉంది కిటుకంతా అనుకుని ఎన్‌ఎస్‌ఐ-189 అనే మాత్ర తెచ్చారు. స్వర్ణ వరిని ఎంటీయూ-7029 అంటాం కదా, ఇదీ మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ల కొత్త వంగడమే అనుకున్నాను నేను. 2017లో ఆ మాత్ర రెండో దశ పరీక్షలో, డిప్రెషన్ తగ్గించాలన్న అసలు లక్ష్యం దగ్గరే తాలు తేలింది. 2018లో ఒక బృందం మనిషికి చిన్నప్పుడే మొలకలు ఆగిపోతాయంటే, ఇంకో బృందం ముసలితనం దాకా వస్తూనే ఉంటాయంది. గట్టు తగాదా, సర్వేయరింకా రాలేదు.

ఈలోగా మా బాబాయి. తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యల చెరువు పోయాక మనిషి మంచం దిగలేదు. గాలి సోకిందని ఒకరు, కొబ్బరికాయ దిగదుడవమని ఒకరు, "తిని కూర్చుంటే అన్నీ వస్తాయి" అని పక్కింటాయన (ఆయన చేసే పనేమిటో మా ఊరికే తెలీదు). చివరికి డాక్టరు మాత్ర రాసి, గుణం తెలియడానికి నాలుగైదు వారాలు పడుతుంది, మధ్యలో ఆపొద్దన్నాడు. ఐదోరోజుకి పిన్ని, "ఏం మార్పొచ్చింది, నా మొహం" అని అట్ట తీసి దేవుడి పటం వెనక పెట్టేసింది. పదిట్లో ఐదు మాత్రలు అలాగే ఉన్నాయి.

ఇదే ఇంట్లో కొబ్బరిమొక్క పెట్టి ఆరేళ్లు కాయ కోసం చూశారు. ఆకుమడి పోసి నెల్లాళ్లు ఊడ్పులకి ఆగుతారు, మూడోరోజున "నారేదీ" అని విత్తనాల కొట్టు మీద గొడవకి వెళ్లినవాణ్ణి నేనైతే చూడలేదు. మాత్ర మింగిన పూటే మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం కదులుతుంది, మనిషి తేరుకోవడానికి మాత్రం వారాలు, ఆ మధ్యలో లోపల ఏం పెరుగుతోందన్న అనుమానంతోనే కదా ఈ మొలకల వేట మొదలైంది!

మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మాత్రలు మొదలుపెట్టించాం. "బాబాయ్, ఆకుమడి పోశాననుకో" అన్నాను. కాసేపు గోడవైపు చూసి, "మరి యూరియా ఎప్పుడు చల్లాల్రా?" అన్నాడు.

పిన్ని వంటింట్లోంచి తొంగిచూసింది.